మా డేటాబేస్‌ను నిలబెట్టిన, పేరు చెప్పవద్దన్న ఆ మేడమ్ గారికి కృతజ్ఞతలు

మా డేటాబేస్ అప్‌గ్రేడ్ పూర్తయింది. వినియోగదారులు లోపలికి వస్తున్నారు, లావాదేవీలు నడుస్తున్నాయి, మానిటరింగ్ తెర మీద ఎరుపు లేదు. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి గానీ, పడుకుని లేచాక రాస్తే ఇందులో సగం మాటలు చల్లారిపోతాయన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. ఈ కృతజ్ఞతలు ముఖ్యంగా ఒక్కరికే. పేరు రాయవద్దని ఆవిడ గట్టిగా చెప్పారు కనుక రాయడం లేదు. మా సంస్థకు ఆవిడతో ఏ సంబంధమూ లేదు. మా సహోద్యోగి పాత మేనేజరుకు తెలిసినవారనీ, చాలాకాలం సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేసి ఉద్యోగ విరమణ చేశారనీ మాత్రమే మాకు తెలుసు. అర్ధరాత్రి దాటాక ముక్కూ మొహం తెలియనివాడు ఫోన్ చేస్తే, ఎవరు నువ్వు, ఇదేం వేళ అని అడగకుండా, "చెప్పండి బాబూ, లాగ్‌లో ఏమని వస్తోంది?" అని అడిగిన మనిషి ఆవిడ.

జరిగింది చెప్పకపోతే ఆవిడ చేసిన మేలు ఎంతటిదో తెలియదు. మా డేటాబేస్‌ను నడిపే పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారుతున్నాం. డేటా మొత్తాన్ని కాపీ చేసేంత వ్యవధి మాకు ఇవ్వలేదు కనుక వెర్షన్ మార్చే పీజీ అప్‌గ్రేడ్ అనే పనిముట్టును లింక్ పద్ధతిలో నడిపాం. అంటే పాత క్లస్టరు (ఒక సర్వర్ నడిపే డేటా ఫైళ్ళ మొత్తం), కొత్త క్లస్టరు ఒకే ఫైళ్ళను పంచుకుంటాయి. పనిలో పనిగా షేర్డ్ బఫర్లను, అంటే డేటాను దగ్గర ఉంచుకోవడానికి పోస్ట్‌గ్రెస్ వాడే ఉమ్మడి మెమరీని, 32 గిగాబైట్ల నుంచి 64కు పెంచాలన్నది ముందే ఆమోదం పొందిన నిర్ణయం. యంత్రంలో ఉన్నది 128 గిగాబైట్ల మెమరీ. దానికి తగ్గట్టు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) సెట్టింగులు అప్‌గ్రేడ్‌కు ముందే మారాలి కదా, సిస్టమ్స్ విభాగం తమ ప్రామాణిక పట్టిక ప్రకారం మార్చి ఇచ్చింది: హ్యూజ్ పేజీలు (మెమరీని పంచే పెద్ద ముక్కలు) 32,768, ఓవర్‌కమిట్ మెమరీ (హద్దు మించి మెమరీ ఇస్తానని కెర్నెల్ ఒప్పుకోవాలా వద్దా అనే సెట్టింగు) విలువ 2, అంటే హద్దు దాటవద్దని. ఒక్కో హ్యూజ్ పేజీ 2 మెగాబైట్లు కనుక 64 గిగాబైట్లకు సరిగ్గా అన్ని పేజీలే వస్తాయి. కాగితం మీద ఆ లెక్కకు వంక పెట్టడానికి ఏమీ లేదు.

పీజీ అప్‌గ్రేడ్ ఏ ఇబ్బందీ లేకుండా ముగిసింది. కొత్త కాన్ఫిగరేషన్ పెట్టి సర్వర్‌ను లేపితే లేవలేదు. షేర్డ్ మెమరీని మ్యాప్ చేయడం కుదరలేదనీ, మెమరీ కేటాయింపు సాధ్యం కాదనీ లాగ్‌లో (సర్వర్ జరిగింది రాసుకునే ఫైల్లో) ఒక వాక్యం. షేర్డ్ బఫర్లనో గరిష్ఠ కనెక్షన్లనో తగ్గించి చూడమని దాని కింద ఒక సూచన. మేము ఏడాదికింత అని చెల్లించే సపోర్టు వారికి రాస్తే, లాగ్‌లో మేము అప్పటికే చదివిన ఆ సూచననే మర్యాదపూర్వకమైన వాక్యాల్లో పెట్టి తిరిగి పంపారు. ఇంకా లాగ్‌లు పంపమన్నారు. లేవని సర్వర్‌కు ఇంకెన్ని లాగ్‌లు ఉంటాయో వారికే తెలియాలి.

మేడమ్ గారు ఎర్రర్ విన్నారు గానీ దాని గురించి మొదట మాట్లాడలేదు. "లింక్ పూర్తయ్యాక కొత్త సర్వర్ ఒక్కసారైనా లేచిందా?" అని అడిగారు. లేవలేదన్నాను. "మ్యాప్ దగ్గరే ఆగిపోయింది కదా, అంటే డేటా ఫైళ్ళను ముట్టుకోలేదు. పాత క్లస్టర్ గ్లోబల్ డైరెక్టరీలో పీజీ కంట్రోల్ ఫైలు పేరు చివర డాట్ ఓల్డ్ అని చేరి ఉంటుంది, చూసి చెప్పండి." చూశాను, ఉంది. "ఆ తోక తీసేస్తే మీ పాత డేటాబేస్ ఎప్పుడు కావాలంటే అప్పుడు లేస్తుంది. మీ డేటా ఎక్కడికీ పోలేదు బాబూ. వెనక్కి దారి ఉంది కాబట్టి ఇక నిదానంగా మాట్లాడుకుందాం."

అంతవరకూ నాతో మాట్లాడిన ప్రతి ఒక్కరూ ఎప్పటికి అవుతుందని అడిగినవారే. ఏమీ పోలేదని చెప్పిన మొదటి మనిషి ఆవిడే. ఆవిడ చెప్పింది పోస్ట్‌గ్రెస్ పత్రాల్లో ఉన్న విషయమే. కానీ ఆ సమయానికి పత్రాల్లోని వాక్యం వేరు, ఒక మనిషి గొంతులో అదే వాక్యం వేరు. నాకు మాట పెగల్లేదు, సిగ్గు విడిచి చెబుతున్నాను, కన్నీళ్ళు వచ్చాయి. ఆవిడకు అర్థమైంది కాబోలు, ఓదార్చలేదు, తొందరపెట్టలేదు. కాసేపు ఆగి, "ఉన్నాలెండి, మెల్లగా తెరవండి మెమ్‌ఇన్ఫో" అన్నారు.

మెమరీ లెక్కలన్నీ కెర్నెల్ చూపించే ఆ ఫైలును పంక్తి పంక్తిగా నా చేత పైకి చదివించారు. "అంకెల్ని గుండ్రం చేయవద్దు, ఉన్నది ఉన్నట్టు చదవండి." హ్యూజ్ పేజీల మొత్తం 32,768. ఖాళీగా ఉన్నవి కూడా 32,768. కమిట్ లిమిట్ (కెర్నెల్ మొత్తం మీద ఇస్తానని ఒప్పుకునే మెమరీ హద్దు) దగ్గరికి వచ్చేసరికి నలభై గిగాబైట్లకు కాస్త తక్కువ కనబడింది. "అక్కడ ఆగండి" అన్నారు.

ఆవిడ చెప్పినదాన్ని నాకు అర్థమైనంతలో రాస్తాను, ఇంకెవరికైనా పనికి రావచ్చు. షేర్డ్ బఫర్లు 64 గిగాబైట్లయినంత మాత్రాన సర్వర్ అడిగే షేర్డ్ మెమరీ 64 గిగాబైట్లు కాదు. 8 కిలోబైట్ల బఫర్లుగా లెక్కిస్తే అవి 83,88,608. ఒక్కో బఫరుకు 64 బైట్ల డిస్క్రిప్టర్ (అందులో ఏముందో చెప్పే చిన్న రికార్డు) ఉంటుంది కనుక వాటికే 512 మెగాబైట్లు కావాలి. వాటిని వెతికే హ్యాష్ పట్టిక, లాక్ పట్టికలు, మార్పుల చిట్టా కోసం వాడే వాల్ బఫర్లు అదనం. ఇదంతా ఒకే ముక్కగా దొరకాలి. ఒక్క పేజీ తక్కువైనా హ్యూజ్ పేజీలలో కేటాయింపు జరగదు. హ్యూజ్ పేజెస్ అనే సెట్టింగు డిఫాల్టుగా ట్రై మీద (దొరికితే వాడు, లేకపోతే మానెయ్ అని) ఉంటుంది కాబట్టి, పోస్ట్‌గ్రెస్ ఎవరికీ చెప్పకుండా మామూలు 4 కిలోబైట్ల పేజీల వైపు తిరుగుతుంది. ఇక ఓవర్‌కమిట్ విలువ 2 అయినప్పుడు కెర్నెల్ కమిట్ లిమిట్‌ను లెక్కించే తీరు ఇది: మొత్తం మెమరీలోంచి హ్యూజ్ పేజీల కోసం పక్కన పెట్టింది తీసేసి, మిగిలినదాంట్లో ఓవర్‌కమిట్ రేషియో ప్రకారం, అంటే డిఫాల్టుగా 50 శాతం తీసుకుని, దానికి స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) కలుపుతుంది. మా యంత్రంలో మిగిలినది 64, అందులో సగం 32, స్వాప్ 8. నలభైకి మించి ఇవ్వనని కూర్చున్న కెర్నెల్‌ను అరవై అయిదుకు పైగా అడుగుతున్నాం. పక్కన పెట్టిన 64 గిగాబైట్లు మాత్రం ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉన్నాయి. పాత సర్వర్ 32 గిగాబైట్లతో నడిచింది కనుక ఆ పేజీలలో సునాయాసంగా ఇమిడింది, పీజీ అప్‌గ్రేడ్ సమయంలోనూ దానికి ఏ ఆటంకమూ రాలేదు.

ఓవర్‌కమిట్‌ను 0 చేసి, హ్యూజ్ పేజీలు తీసేసి, ఎలాగో లేపేద్దామని మాలో ఒకరు అన్నారు. మేడమ్ గారు కసురుకోలేదు, లెక్క చెప్పారు. 64 గిగాబైట్లను 4 కిలోబైట్ల పేజీలుగా చూస్తే 1,67,77,216 పేజీలు. ఒక్కోదానికి పేజ్ టేబుల్‌లో (ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టికలో) 8 బైట్లు. అంటే ఆ మెమరీ అంతటినీ తడిమిన ఒక్కో కనెక్షన్‌కు 128 మెగాబైట్ల పేజ్ టేబుల్ తయారవుతుంది. 300 కనెక్షన్లు అలా పెరిగితే 37 గిగాబైట్లు దాటుతుంది. "ఇప్పుడు లేస్తుంది బాబూ, రద్దీ వేళకు ఓఓఎం కిల్లర్ వచ్చి పడుకోబెడుతుంది" అన్నారు. మెమరీ అయిపోయినప్పుడు నడుస్తున్న ప్రోగ్రాములను చంపే కెర్నెల్ ఏర్పాటు అది. హ్యూజ్ పేజీలైతే అదే పని కనెక్షన్‌కు 256 కిలోబైట్లతో జరుగుతుంది.

సరైన సంఖ్యను ఆవిడ చెప్పలేదు, పోస్ట్‌గ్రెస్‌నే అడగమన్నారు. 15వ వెర్షన్ నుంచి షేర్డ్ మెమరీ సైజ్ ఇన్ హ్యూజ్ పేజెస్ అనే పరామితి ఉంది. సర్వర్ ఆగి ఉన్నప్పుడు పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రామును పెద్ద సీ ఆప్షన్‌తో నడిపితే, ఉన్న కాన్ఫిగరేషన్‌కు ఎన్ని పేజీలు కావాలో చెబుతుంది. 33 వేలు దాటిన సంఖ్య వచ్చింది. దాని మీద కొంత వదులు వేసి కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్ ఆదేశంతో రాశాం. ఆదేశం నోరెత్తకుండా పూర్తయింది. "రాసిన సంఖ్య కాదు, దొరికిన సంఖ్య చూడండి" అన్నారు. మెమ్‌ఇన్ఫోలో మొత్తం నిజంగానే తక్కువగా ఉంది: అంతసేపు నడిచిన యంత్రంలో మెమరీ ముక్కలు ముక్కలైపోయి, అడిగినన్ని పెద్ద పేజీలు దొరకలేదు. రీబూట్ చేయక తప్పలేదు.

రీబూట్‌కు ముందు ఆవిడ ఆపి అడిగిన ప్రశ్న మమ్మల్ని రెండోసారి కాపాడింది. "ఈ విలువ ఏ ఫైల్లో రాశారు? ఆ డైరెక్టరీలో ఇంకేమేం ఉన్నాయి?" సిస్‌కంట్రోల్ డాట్ డీ డైరెక్టరీలోని ఫైళ్ళను పేర్ల వరుసలో చదువుతారు, చివర చదివిన విలువే నిలుస్తుంది. మాది 50తో మొదలయ్యే ఫైలు. సిస్టమ్స్ విభాగం వారి పట్టిక 90తో మొదలయ్యే ఫైల్లో ఉంది. అలాగే రీబూట్ చేసి ఉంటే పాత 32,768 మళ్ళీ వచ్చి కూర్చునేది. దానితోపాటు ఓవర్‌కమిట్ రేషియోను 80 చేయించారు, హ్యూజ్ పేజెస్ సెట్టింగును ట్రై నుంచి ఆన్‌కు మార్పించారు. ఇకపై పేజీలు చాలకపోతే సర్వర్ గుట్టుచప్పుడు కాకుండా పక్కదారి పట్టదు, లేవనని మొహం మీదే చెబుతుంది.

యంత్రం రీబూట్ అయినంతసేపు ఆవిడ ఫోన్ పెట్టలేదు. ఈ సర్వర్లకు మెమరీ పరీక్షే ఒక యుగం పడుతుంది. పడుకోండి మేడమ్, లేచాక మెసేజ్ పెడతాను అంటే, "ఇప్పుడు నాకెలా నిద్రపడుతుంది?" అన్నారు. సర్వర్ లేచింది. ఖాళీ పేజీల సంఖ్య ఇంకా పెద్దగానే కనబడి మళ్ళీ గుండె జారితే, "ఫ్రీ చూసి కంగారుపడకండి, పక్కన రిజర్వుడ్ చూడండి, వాడుతున్న కొద్దీ ఫ్రీ తగ్గుతుంది" అన్నారు. తగ్గింది. ఆవిడకు ఏమైనా ఇవ్వాలని మా మేనేజర్ గారు అడిగితే, ఆ పట్టికను సరిదిద్దించండి చాలు అన్నారు.

ఆ పట్టిక గురించి ఒక మాట అనక తప్పదు. ఏ డేటాబేస్‌కైనా, ఎంత మెమరీకైనా ఒకే పట్టిక. దాన్ని రాసినవారు ఎవరో ఎవరికీ తెలియదు. మార్చాలంటే మాత్రం మూడు విభాగాల సంతకాలు కావాలి. కెర్నెల్ సెట్టింగు సిస్టమ్స్ వారిది, డేటాబేస్ మాది, మధ్యలో ఉన్న లెక్క ఎవరిదీ కాదు. మాకిచ్చిన పరీక్షా సర్వర్‌లో 16 గిగాబైట్ల మెమరీ. దాని మీద ఎన్నిసార్లు సాధన చేసినా ఈ హద్దు తగిలే అవకాశమే లేదు. అసలు యంత్రంతో సమానమైనది అడిగితే ఖర్చు అన్నారు. అప్‌గ్రేడ్ రాత్రి హ్యూజ్ పేజీల సంఖ్య మార్చడానికి మళ్ళీ కొత్త అనుమతి కావాలన్నారు, అనుమతి ఇచ్చేవారు నిద్రలో ఉన్నారు. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దావిడ మాత్రం మేలుకుని ఉన్నారు.

ఇంట్లోవాళ్ళకు థాంక్స్ చెబితే నవ్వుతారు. నా భార్య, అమ్మ ఎప్పటిలాగే చూసుకున్నారు, పిల్లవాణ్ణి నా దగ్గరికి రానివ్వలేదు.

ఆ అనుమతి కోసం నిద్రపోతున్నవారిని లేపే ధైర్యం చేసిన మా మేనేజర్ గారికీ, ఫోన్ నంబరు సంపాదించిన సహోద్యోగికీ కృతజ్ఞతలు. స్టోరేజ్ మిత్రుడిని మరిచేపోయాను: పీజీ అప్‌గ్రేడ్‌కు ముందు స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్క్ నకలు) తీసి, సర్వర్ నిలకడగా నడిచేదాకా దాన్ని చెరపకుండా కాపలా కాసింది అతనే. కొత్తగా చేరిన అమ్మాయి ప్రతి ఆదేశాన్నీ, దాని ఫలితాన్నీ సమయంతో సహా రాసి పెట్టింది. పైన నేను రాసిన అంకెలన్నీ ఆమె కాగితాల్లోవే. సిస్టమ్స్ విభాగంలో రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయి 90 నంబరు ఫైలును తెరిచి చూపించాడు, తమ విభాగానిదే అయినా దాచలేదు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నెట్‌వర్క్ వాళ్ళు కూడా ఉన్నారు, అప్లికేషన్ ట్రాఫిక్‌ను మేము చెప్పేదాకా ఆపి ఉంచారు. ఇంకెవరినైనా మరిచి ఉంటే చెప్పండి, కలుపుతాను. పట్టిక సవరణకు అభ్యర్థన ఈ ఉదయమే పెట్టాను. మొదటి సంతకం ఇంకా రాలేదు.