మన షెడ్డులో బిగించిన 31 ఫిల్టర్ల సంగతి

కస్టమర్లందరికీ నమస్కారం. గుంటూరులో మన షెడ్డుకు బండి తెచ్చేవాళ్లందరూ ఇది ఒకసారి చదవండి. ముఖ్యంగా ఈ ఏడాది ఉగాది తర్వాత నుంచి ఆషాఢం దాకా ఆయిల్ సర్వీసు చేయించుకున్నవాళ్లు.

నాన్చకుండా చెప్పేస్తాను. ఆ మూడు నెలల్లో మీలో 31 మంది బండ్లకు నేను డూప్లికేట్ ఆయిల్ ఫిల్టర్లు, అంటే ఇంజన్ ఆయిల్‌ను వడగట్టే డబ్బాల్లో నకిలీవి, బిగించాను. తెలిసి చేసింది కాదు. కానీ తెలుసుకోవాల్సిన మనిషిని నేనే, తెలుసుకోలేదు. వాటిలో 24 బండ్లను ఇప్పటికే పిలిపించి ఫిల్టరూ ఆయిలూ రెండూ మార్చాం, ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇంకా ఏడు బండ్లు రావాలి.

ఎలా బయటపడిందంటే, మన పాత కస్టమర్ ఒకాయన, రిటైరైన లెక్కల మాస్టారు, జూన్ చివర్లో వచ్చారు. చిన్న పెట్రోల్ కారు ఆయనది, కూరగాయలకీ గుడికీ తప్ప తియ్యరు. "ఏమయ్యా, పొద్దున్నే తాళం తిప్పగానే మిక్సీలో శనగలు వేసినట్టు గరగరమంటోంది. రెండు మూడు సెకన్లే. తర్వాత మామూలే. నా చెవులే పాడయ్యాయనుకున్నాను, మా ఆవిడక్కూడా వినపడింది" అన్నారు. నేను స్టార్ట్ చేసి చూశాను. ఏ చప్పుడూ లేదు. ఉండదు కూడా, ఇంటి నుంచి నడుపుకుంటూ వచ్చారు కాబట్టి ఇంజన్ వేడిగా ఉంది, ఆయిల్ అంతా పైనే ఉంది. "మాస్టారూ, రాత్రికి బండి ఇక్కడే వదిలేయండి" అన్నాను.

మర్నాడు ఏడింటికి షెడ్డు తీసి, ఎవరూ రాకముందే తాళం తిప్పాను. మీటర్లో ఎర్ర ఆయిల్ లైటు వెంటనే ఆరాలి. ఆరలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాకా వెలుగుతూనే ఉంది. ఆ మూడు అంకెలూ ఇంజన్ లోపల తిరిగే గొలుసు, టైమింగ్ చైన్ అంటారు దాన్ని, కొట్టుకుంటూనే ఉంది. మాస్టారి చెవులు బాగానే ఉన్నాయి.

అసలు ఏం జరుగుతోందో చెబుతాను. ఆ ఇంజన్‌లో ఫిల్టర్ అడ్డంగా పడుకుని ఉంటుంది. బండి ఆపగానే ఫిల్టర్‌లోని ఆయిల్ కిందికి, సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జారిపోకుండా లోపల ఒక రబ్బరు పొర అడ్డుపడుతుంది. యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వ్ అంటారు దాన్ని, మా షెడ్డులో 'లోపలి రబ్బరు' అంటాం. అది గట్టిపడినా, సరిగ్గా కూర్చోకపోయినా, రాత్రికి రాత్రి ఫిల్టర్ ఖాళీ అయిపోతుంది. పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు పంపు ముందు ఆ ఖాళీని నింపాలి, ఆ తర్వాతే ఆయిల్ పైకి వెళ్లేది. అప్పటిదాకా చైను, బేరింగులు పాత ఆయిల్ తడి మీదే తిరుగుతుంటాయి. ఒక్కరోజులో ఇంజన్ పోదు. రోజూ పొద్దున్నే ఇలా జరిగితే మాత్రం అరుగుతుంది.

ఫిల్టర్ విప్పాను. పేరున్న కంపెనీ ముద్ర, దాని రంగు, దాని నంబరు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అనుమానం వచ్చి స్టాకులో మిగిలిన తొమ్మిదింటిలో ఒకటి తీసి వైస్‌లో బిగించి, హ్యాక్సా బ్లేడుతో మెడ చుట్టూ కోశాం. పక్కన అదే నంబరుది, బెజవాడలో కంపెనీ డీలర్ దగ్గర బిల్లుతో కొన్నది, అదీ కోశాం. రెండూ బెంచీ మీద పక్కపక్కనే పెట్టాక ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మంచి దాంట్లో కాగితం మడతలు దువ్వినట్టు వరసగా ఉన్నాయి, 52 లెక్కపెట్టాం. రెండో దాంట్లో 37. అవీ ఒకచోట కుప్పగా, ఒకచోట నోరు తెరుచుకుని. కాగితం రెండు కొసలూ కలిసేచోట జిగురు సగం దాకానే ఉంది, మిగతా సగంలో నా గోరు దూరింది. అంటే ఆయిల్ కాగితంలోంచి వడగట్టుకోవాల్సిన పనే లేదు, ఆ సందులోంచి ఎలా వచ్చిందో అలాగే వెళ్లిపోతుంది. లోపలి రబ్బరు మడిస్తే ఎండిన తోలులా చిట్లింది.

బైపాస్ వాల్వ్ ఇంకా ఘోరం. ఫిల్టర్ కాగితం మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, ఇంజన్‌కు ఆయిల్ ఆగిపోకుండా ఈ వాల్వ్ తెరుచుకుని వడగట్టని ఆయిల్‌నే పంపిస్తుంది. మురికి ఆయిల్ అయినా, అసలు ఆయిల్ లేకపోవడం కంటే నయం కదా. ఎంత ప్రెషర్‌కు తెరుచుకోవాలో ఆ ఇంజన్‌ను బట్టి స్ప్రింగు పెడతారు. మంచి దాని స్ప్రింగు బొటనవేలికి లొంగలేదు. ఈ డూప్లికేట్‌ది చిటికెన వేలు ఆనిస్తే తెరుచుకుంది. అంటే అది ఎప్పుడూ తెరిచిన తలుపే.

ఇవి నా దగ్గరికి ఎలా వచ్చాయి? ఏళ్లుగా నాకు సరుకు తెచ్చే మనిషి తెచ్చాడు. "డీలర్ స్కీములో వచ్చాయి, ఫిల్టర్‌కు ముప్పై రూపాయలు తక్కువ" అన్నాడు. 40 తీసుకున్నాను. బిల్లు తర్వాత పంపిస్తానన్నాడు, ఆ బిల్లు రాలేదు, నేనూ అడగలేదు. అతన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు, ఆ లెక్క మేమిద్దరం విడిగా తేల్చుకుంటున్నాం. నా తప్పు ఎక్కడంటే, 'ఇంత చౌక వస్తువుకు డూప్లికేట్ ఎవడు చేస్తాడు' అనుకున్నాను. చిన్న పెట్రోల్ కారుకు ఆయిల్ ఫిల్టర్ మామూలుగా వంద నుంచి మూడు వందల లోపే. కానీ ఆలోచించండి, ఏడాదికోసారైనా ప్రతి బండికీ మార్చేది అదే. విప్పిన వెంటనే చెత్త డబ్బాలో పడేసేది అదే. కోసి చూసేవాడు లేడు. దొంగ సరుకు చేసేవాడికి ఇంతకంటే మంచి వస్తువు ఏముంటుంది?

40 ఫిల్టర్ల మీద నాకు మిగిలింది 1,200 రూపాయలు. 24 బండ్లకు మళ్లీ ఆయిల్ పోయడానికి ఎంతయిందో ఇక్కడ రాస్తే మా ఇంట్లో చదువుతారు, వదిలేద్దాం.

ఆ 24 బండ్ల నుంచి దించిన ఆయిల్‌ను తెల్ల ట్రేలో పోసి ఎండలో పెట్టి చూశాం. లోహపు మెరుపు ఎక్కడా కనపడలేదు. కొత్త ఫిల్టర్ వేశాక మాస్టారి బండి పొద్దున పూట చప్పుడు పోయింది, మరో మూడు బండ్లకూ అంతే. మిగతావాళ్లకు చప్పుడే తెలియలేదు. చూసినంతలో, విన్నంతలో నష్టం లేదు. అంతకుమించి ప్రమాణం చేసి చెప్పలేను. అందుకే ఈ 31 బండ్లకు వచ్చే రెండు సర్వీసుల్లో ఆయిల్ ప్రెషర్ గేజి పెట్టి చూస్తాం, దానికి చార్జీ లేదు.

ఇక ఈ నెల రోజులుగా అందరూ అడుగుతున్న ప్రశ్న, "ఏ బ్రాండ్ వేయిస్తే నమ్మొచ్చు అన్నా?" అని.

ముందు ఒక సంగతి. కార్ల కంపెనీలు మామూలుగా ఫిల్టర్లు సొంతంగా తయారుచేసుకోవు. ఫిల్టర్లు చేసే కంపెనీల దగ్గర చేయించుకుని తమ డబ్బాలో పెట్టి అమ్ముతాయి. జర్మనీ వాళ్లవి మాన్, మాహ్లే, బాష్, జపాన్ వాళ్లది డెన్సో, ఇలాంటివన్నీ కార్ల కంపెనీలకు సరుకు ఇచ్చేవే. మనవాళ్లకు ప్యూరోలేటర్ పేరు చాలా ఏళ్ల నుంచి తెలుసు. అమెరికాలో 1920లలో కారు ఇంజన్‌కు మొదటి ఆయిల్ ఫిల్టర్ చేసినవాళ్లు పెట్టిన పేరది, 'ప్యూర్ ఆయిల్ లేటర్' అన్న మూడు మాటలు కలిపి. అంతకుముందు బండ్లకు ఫిల్టరే లేదు, ఆయిల్ ఊరికే మారుస్తూ పోయేవాళ్లు.

వీటిలో ఏది మంచిది అంటే నా మాట ఇది. మీ ఇంజన్‌కు సరైన నంబరుదీ, అసలుదీ అయితే వీటిలో ఏదైనా మంచిదే. ఈ పేర్ల మధ్య తేడా మీ ఇంజన్‌కు తెలిసేంత పెద్దది కాదు. అసలుకూ నకిలీకీ ఉన్న తేడానే తెలుస్తుంది. కాబట్టి బ్రాండ్ గురించి పది నిమిషాలు ఆలోచిస్తే, ఎవరి దగ్గర కొంటున్నాం, బిల్లు ఇస్తున్నాడా అన్నదాని గురించి ఇరవై నిమిషాలు ఆలోచించండి. ఈ నీతి నాకు నేనే చెప్పుకుంటున్నాను లెండి.

డబ్బా చూసి కనిపెట్టొచ్చా అంటే, నేను కనిపెట్టలేకపోయాను. హోలోగ్రామ్ కూడా ఉంది దాని మీద. స్కాన్ చేసే కోడ్ ఉన్నవాటిని ఇప్పుడు స్కాన్ చేస్తున్నాం. లోపలి రబ్బరు ఎర్రగానో నారింజ రంగులోనో ఉంటే సిలికాన్, అది వేడికి బాగా ఆగుతుంది అని ఇంటర్నెట్లో చూసి కొందరు అడుగుతున్నారు. నిజమే, కానీ ఎర్ర రంగు ఎవడైనా వేస్తాడు. మామూలు నల్ల రబ్బరుతో వచ్చే మంచి ఫిల్టర్లూ ఉన్నాయి. అలాగే కోసి చూసినప్పుడు కాగితానికి రెండు పక్కలా రేకు మూత బదులు అట్ట మూత ఉంటే అది నాసిరకం అని తేల్చేయకండి, పేరున్నవాళ్లూ కొన్ని అలా చేస్తారు.

నంబరు సంగతి ఎందుకు అంటున్నానంటే, "పక్క బండి ఫిల్టర్ దీనికి పడుతుందిగా, అదే వెయ్" అనేవాళ్లు ఉన్నారు. పట్టడం వేరు, సరిపోవడం వేరు. మారుతి, హ్యుందాయ్ బండ్లలో చాలావాటికి ఫిల్టర్ మర 20 మిల్లీమీటర్లది. టయోటా పెట్రోల్ బండ్లలో ఎక్కువగా వచ్చేది ముప్పావు అంగుళం మర, అంటే 19 మిల్లీమీటర్ల పైచిలుకు. తేడా మిల్లీమీటర్ కూడా లేదు. 20 మిల్లీమీటర్ల ఫిల్టర్‌ను ముప్పావు అంగుళం స్టడ్డు (ఫిల్టర్ ఎక్కే ఇంజన్ మీది మర కడ్డీ) మీద పెడితే తిరుగుతుంది, బిగుసుకున్నట్టే ఉంటుంది. కానీ మర సగం సగమే పట్టి ఉంటుంది. హైవే మీద ప్రెషర్ పెరిగి అది ఊడిందంటే, ఆయిల్ మొత్తం రోడ్డు మీద పోవడానికి ఎంతోసేపు పట్టదు.

వారంటీలో ఉన్న బండ్లవాళ్లకు ఇంకో టెన్షన్, బయట ఫిల్టర్ వేయిస్తే వారంటీ పోతుందేమోనని. 2014లో కాంపిటీషన్ కమిషన్, అంటే వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందా అని చూసే కేంద్ర సంస్థ, ఈ విడిభాగాల విషయంలోనే 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్లకు పైగా జరిమానా వేస్తూ, బయట మెకానిక్ దగ్గర చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు అని కంపెనీలు గంపగుత్తగా షరతు పెట్టకూడదని చెప్పింది. కానీ రేపు ఇంజన్‌కు ఏదైనా అయితే వాదించుకుంటూ తిరగాల్సింది మీరు. కాబట్టి వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ డబ్బాలోదే వేయించండి, బిల్లు దాచండి. నా దగ్గర వేయించినా అదే వేస్తాను, కాదు షోరూమ్‌కే వెళ్తానన్నా నేనేమీ అనుకోను.

ఇప్పటి నుంచి షెడ్డులో మారేవి చెబుతాను. ప్రతి నంబరుకూ రెండే రకాలు పెడతాం, కార్ల కంపెనీ డబ్బాది ఒకటి, పైన చెప్పిన పేర్లలో ఒకటి. రెండూ డీలర్ బిల్లుతో వచ్చినవే, అడిగితే ఆ బిల్లు చూపిస్తాం. దీనివల్ల మీకు ఫిల్టర్ మీద ఇరవై నుంచి నలభై రూపాయలు పెరుగుతుంది. డబ్బా మీ ముందే చింపుతాం. ఖాళీ డబ్బాను మీరే తీసుకెళ్లండి, లేదా మా దగ్గరే చింపి పారేయమనండి. ఖాళీ డబ్బాలు ఎక్కడికి పోతాయో ఇప్పుడు నాకు బాగా అర్థమైంది. కొత్తగా తెచ్చిన ప్రతి పెట్టెలోంచి ఒక ఫిల్టర్ కోసి బెంచీ మీద పెడతాం, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు.

మీరే ఆన్‌లైన్‌లో కొని తెచ్చుకుంటే బిగిస్తాం. కాకపోతే బిగించేముందు మర, గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా అంచున ఉండే రబ్బరు రింగు), లోపలి రబ్బరు చూస్తాం, నచ్చకపోతే బిగించం. మొన్న ఒక బాబాయికి అలాగే వద్దని చెబితే కోపం వచ్చి వెళ్లిపోయారు. ఆ కోపం పోయేదాకా ఆగుతాను.

"ఆయిల్ మార్చు, ఫిల్టర్ ఈసారికి వదిలేయ్" అనే బేరం మాత్రం ఇక లేదు. పాత ఫిల్టర్‌లో పావు లీటరు దాకా నల్ల ఆయిల్ ఉంటుంది. వేల రూపాయలు పెట్టి పోసిన కొత్త ఆయిల్‌లో మొదటి నిమిషంలోనే అది కలిసిపోతుంది.

ఇంక మిగిలిన ఏడు బండ్లు. రిజిస్టర్లో నంబర్లు ఉన్నాయి, ఫోన్లు కలవడం లేదు. కొందరు సిమ్ మార్చినట్టున్నారు. ఒకటి తెల్ల బండి, వెనక అద్దం మీద పెళ్లి స్టిక్కర్ సగం ఊడిపోయి ఉంది. ఇంకోటి నరసరావుపేట వైపు నుంచి మిరపకాయల పని మీద యార్డుకు వచ్చినప్పుడు చేయించుకున్న ముదురు ఎరుపు బండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన దగ్గర ఆయిల్ మార్పించుకుని, ఇంకా మా ఫోన్ రానివాళ్లు ఎవరైనా సరే, ఒకసారి వచ్చి వెళ్లండి. బిల్లు అక్కర్లేదు, బండి నంబరు చాలు. నలభై నిమిషాల పని. ఈ నెలంతా ఆదివారాలు కూడా మధ్యాహ్నం రెండింటి దాకా షెడ్డు తీసే ఉంటుంది.