టీపొడి ఏ తోటదో, ఏ కోతదో ప్యాకెట్టు మీద చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మన తెలుగు ఇళ్లలో టీ అంటే పాలలో చక్కెర, డస్టు టీపొడి వేసి చిక్కగా మరిగించినదే. ఆ టీని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లోనూ తెల్లవారేది దానితోనే. అయితే మన దేశంలోనే పండే తేయాకులో ఎన్ని రుచులున్నాయో, వాటిని ఒక్కొక్కటిగా తెలుసుకోవడం ఎంత తృప్తినిచ్చే వ్యాపకమో మన పట్టణాల్లో చాలామందికి తెలిసే అవకాశమే రావడం లేదు. రకరకాల టీలు తెప్పించుకొని తాగి చూడటం కొన్నేళ్లుగా నాకు అలవాటైంది. ఆ ఆసక్తి ఉన్నవారికి మన మార్కెట్లో ఎదురవుతున్న ఒక ఇబ్బందిని మీ పత్రిక ద్వారా సంబంధితుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్ వేర్వేరు మొక్కల నుంచి వస్తాయని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి అన్నింటికీ మూలం కమెల్లియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క. అందులో చిన్న ఆకుల చైనా రకం, పెద్ద ఆకుల అస్సాం రకం ప్రధానమైనవి. కోసిన ఆకుకు త్వరగా వేడి తగిలించి, అంటే చైనాలో ఎక్కువగా చేసినట్టు పెనం మీద వేయించో, జపాన్‌లో లాగా ఆవిరి పట్టో, ఆకు రంగును మార్చే లోపలి ఎంజైములను ఆపేస్తే అది గ్రీన్ టీ అవుతుంది. వాడ్చి, నలిపి, గాలి తగిలేలా పరిచి, పూర్తిగా రంగు మారాక ఆరబెడితే బ్లాక్ టీ. ఆ మార్పును మధ్యలోనే ఆపేస్తే ఊలాంగ్. మనం రోజూ వాడే పలుకుల టీపొడి సీటీసీ యంత్రాల్లో తయారవుతుంది. 1930ల ప్రాంతంలో అస్సాంలో రూపుదిద్దుకొన్న ఆ యంత్రాలు ఆకును నలిపి, చించి, చిన్న ఉండలుగా చుడతాయి. అందువల్ల డికాక్షన్ త్వరగా, చిక్కగా దిగి పాలకు తట్టుకుంటుంది. దేశంలో తయారయ్యే టీలో అత్యధిక భాగం ఇదే. ఆకును ఆకుగానే చుట్టి ఆరబెట్టే పాత పద్ధతిని వ్యాపారులు ఆర్థడాక్స్ అంటారు. రుచుల్లోని తేడాలు బాగా తెలిసేది ఈ ఆకు టీలలోనే.

డార్జిలింగ్ సంగతే చూడండి. చలికాలమంతా చిగుర్చకుండా ఉన్న మొక్క ఫిబ్రవరి చివర, మార్చిలో వేసే తొలి చిగుళ్లతో చేసేది ఫస్ట్ ఫ్లష్. ఎండిన తర్వాత కూడా ఆ ఆకులో పచ్చదనం కనిపిస్తుంది. గాజు గ్లాసులో వేసి వేడినీళ్లు పోస్తే ముడుచుకున్న ఆకు నెమ్మదిగా విచ్చుకొని, మొగ్గ, దాని పక్కన లేత ఆకు, ఆ ఆకు అంచున ఉన్న సన్నని పళ్లు కూడా స్పష్టంగా కనబడతాయి. నీళ్లు లేత బంగారు రంగుకు తిరిగి పూల వాసన వేస్తాయి, గుటక వేశాక నాలుక మీద కాస్త వగరు నిలుస్తుంది. అదే తోటలో మే, జూన్ నెలల్లో కోసిన సెకండ్ ఫ్లష్‌ది రాగి రంగు, పండిన ద్రాక్షను తలపించే వాసన. ఆ వాసన వెనుక ఒక పురుగు పాత్ర ఉంది. మన పత్తి రైతులు పచ్చదోమ అనే పురుగుకు దగ్గరి జాతి పురుగులు ఆ చిగుళ్ల రసం పీలుస్తాయి. మొక్క ఆత్మరక్షణ కోసం కొన్ని సువాసన పదార్థాలను తయారు చేసుకుంటుంది. వాటి వల్లే ఆ ఆకుకు మంచి ధర పలుకుతుంది. పత్తి చేను చూసి పెరిగిన నాకు ఈ విషయం తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

దక్షిణాదిలోనే ఉన్న నీలగిరి టీ మనకు ఇంకా దగ్గరిది. కూనూరు చుట్టుపక్కల తోటల్లో డిసెంబరు, జనవరి చలిలో కోసిన ఆకుకు ప్రత్యేకమైన పరిమళం ఉంటుంది. డికాక్షన్ చల్లారినా మబ్బు పట్టకుండా తేటగా ఉంటుంది కనుక నిమ్మకాయ టీకి దాన్ని మించినది లేదు. పాలు పోయకుండా తాగలేమనేవారు అస్సాం ఆర్థడాక్స్‌తో మొదలుపెట్టవచ్చు. డికాక్షన్ విడిగా, పాలు విడిగా మరగకాచి కలిపే హైదరాబాదు ఇరానీ చాయ్‌ని కూడా ఈ వరుసలోనే ఓపికగా రుచి చూడాలని నా మనవి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. కప్పుకు రెండున్నర గ్రాముల ఆకు చాలు, వంద గ్రాముల పొట్లం నలభై కప్పులకు వస్తుంది. మంచి ఆకుకైతే రెండోసారి కూడా నీళ్లు పోయవచ్చు. నీళ్లు మరిగాక రెండు నిమిషాలు ఆగి ఫస్ట్ ఫ్లష్ మీద పోయాలి, గ్రీన్ టీకైతే ఇంకాసేపు ఆగాలి, లేకపోతే చేదెక్కుతుంది. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లలో ఎంత మంచి టీ అయినా చప్పబడిపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ తాగవద్దని సూచించింది. టీలోని టానిన్లు ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి కనుక ఈ వ్యాపకం ఉన్నవారు ఆ సూచనను తప్పక పాటించాలి.

ఇక ఇబ్బంది విషయానికి వస్తాను. లూజు టీ అమ్మే దుకాణంలో ఇది ఎక్కడి ఆకని అడిగితే ‘స్పెషల్’ అనో ‘అస్సాం’ అనో చెప్పి ఊరుకుంటారు. పేరున్న ప్యాకెట్ల మీద సైతం చాలావాటికి ప్రాంతం ఉండదు, కోసిన నెల ఉండదు. ఏడాది పొడవునా ఒకే రుచి ఇవ్వడానికి పలు తోటల ఆకును కలుపుతారని నాకు తెలుసు, అందులో తప్పు లేదు. కానీ వేరే ఆకు కలపని ఒకే తోట ఆకు అని ఎక్కువ ధర తీసుకునేచోట కూడా ఆ వివరాలు లేకపోతే కొన్నవారు దేన్ని నమ్మాలి? డార్జిలింగ్ టీకి 2004లోనే దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు వాడే హక్కు) వచ్చింది, చేత తేయాకు పట్టిన స్త్రీ బొమ్మతో దానికి ముద్ర కూడా ఉంది. అయినా నేపాల్ ఆకు ఆ పేరుతో అమ్ముడవుతోందని డార్జిలింగ్ తోటలవారు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. కిలో టీ తయారు కావడానికి నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు కావాలి. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున దాన్ని చేత్తో గిల్లి కోసే స్త్రీల శ్రమకు దక్కాల్సిన పేరు మధ్యలో మరెవరికో పోవడం అన్యాయం.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఏ కొండల్లో, ఎవరి చేతుల్లో పండిందో చెప్పి అమ్ముతుంటే మనం గర్వంగా కొంటున్నాం. టీకి కూడా ఆ మర్యాద దక్కాలి. ఆర్థడాక్స్ టీ ప్యాకెట్టు మీద ప్రాంతం, తోట, కోత నెల, గ్రేడు (ఆకు పరిమాణాన్ని బట్టి ఇచ్చే తరగతి) తెలుగులో కూడా ముద్రించేలా కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన టీ బోర్డు ప్యాకింగ్ సంస్థలను ఒప్పించాలి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో పాతిక గ్రాముల నమూనా పొట్లాలు దొరికే విక్రయ కేంద్రాలు తెరిస్తే విద్యార్థులు, పింఛనుదారులు కూడా తక్కువ ఖర్చుతో నాలుగు రకాలు పోల్చి చూసుకోగలుగుతారు. ఫస్ట్ ఫ్లష్ మార్కెట్లోకి వచ్చే ఏప్రిల్ నెలలో మీ ఆదివారం అనుబంధంలో తేయాకు మీద ఒక వ్యాసం వేసి, డార్జిలింగ్ టీ ముద్రను గుర్తుపట్టే విధానాన్ని పాఠకులకు బొమ్మతో సహా వివరించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హనుమకొండ