జనరేటర్ లాగ్ పుస్తకం ముందు తెరువు

రాయగడ

ఒరేయ్ బావా,

గుణుపురం బ్రాంచి తాళాలు నీ చేతికొచ్చాయని తెలిసి చాలా సంతోషమైంది. వంశధార గాలికి మూడు నెలల్లో అలవాటు పడిపోతావులే. నువ్వడిగింది మాత్రం ఫోన్లో తేలేది కాదు. కరెంటు ఎంత, డీజిల్ ఎంత, కార్బన్ ఎంత తగ్గించారు అంటూ పైనుంచి వచ్చిన ఆ షీటు ఎలా నింపాలి, నిజంగా తగ్గించాలంటే ఎక్కడ పట్టుకోవాలి అన్నావు. కుదురుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

పెద్ద బ్యాంకు అంటే ముంబైలో అద్దాల మేడ కాదురా, నీ బ్రాంచిలాంటివి వేలకొద్దీ. 2031-32 కల్లా కార్బన్ న్యూట్రల్ (వదిలే కార్బన్ లెక్క నికరంగా సున్నా) అవుతామని హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ప్రకటించింది. ఏ బ్యాంకు ఇలాంటి మాట ఇచ్చినా అది నిలబడేది బ్రాంచి పుస్తకంలో రాసే అంకెల మీదే. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ, బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక (పర్యావరణం, సమాజం పట్ల కంపెనీ బాధ్యత లెక్క) తప్పనిసరి చేసింది. 2023-24 నుంచి మొదటి 150 కంపెనీల ముఖ్యమైన లెక్కలకి బయటివాళ్ల ధ్రువీకరణ కూడా కావాలి. అంటే ఏదో ఒకరోజు ఓ ఆడిటరు మీ వెనక వరండాలో జనరేటర్ పక్కన నిలబడి "లాగ్ పుస్తకం ఏదీ?" అంటాడు.

అందుకే జనరేటర్‌తో మొదలుపెట్టు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మంచి లోడు మీద నడిచే సెట్టు లీటరుకి మూడు యూనిట్లు దాటి ఇస్తుంది. మన బ్రాంచిల్లో సెట్టు పెద్దది, లోడు చిన్నది. నాలుగు కంప్యూటర్లు, పది లైట్ల కోసం నడిపితే లీటరుకి రెండు యూనిట్లు రావడమే గగనం. యూనిట్‌కి 1.3 కిలోలు పడ్డట్టు లెక్క, గ్రిడ్ కరెంటుకి సుమారు 0.7 కిలో. తక్కువ లోడు మీద రోజూ నడిపితే సిలిండర్ సరిగా వేడెక్కదు, కాలని డీజిల్ పొగగొట్టంలో నల్లగా జిడ్డులా పేరుకుంటుంది. గొట్టం చివర చిన్న గుడ్డతో తుడిచి చూడు, తడి మసి అంటిందంటే లోడు చాలడం లేదన్నమాటే. చిన్న కోతలకి కంప్యూటర్లు, లైట్లు యూపీఎస్ మీదే నడవనీ, కోత గంట దాటితే ఏసీతో కలిపి జనరేటర్ వెయ్యి. వారానికోసారి టెస్టింగ్ చేసేటప్పుడు కూడా ఖాళీగా కాకుండా లోడు పెట్టి పావుగంట నడపమను.

పుస్తకంలో రాయాల్సినవి తేదీ, మొదలైనప్పటి హవర్ మీటర్ (సెట్టు ఎన్ని గంటలు నడిచిందో చూపేది) రీడింగు, ఆపినప్పటి రీడింగు, ట్యాంకులో పోసిన లీటర్లు. చాలాచోట్ల బంకు బిల్లు రూపాయలు మాత్రమే ఉంటాయి. ధర మారుతూ ఉంటుంది కాబట్టి వాటినుంచి లీటర్లు తియ్యడం గుడ్డిలెక్క అవుతుంది. కొన్నది వేరు, పోసింది వేరు, రెండూ రాయించు. మీ వాచ్‌మన్ ఒడియాలో రాసినా తెలుగులో రాసినా ఇబ్బంది లేదు, అంకెలు మాత్రం ఇంగ్లీషువే వేయించు. ఒడియా అంకెల్ని షీటులోకి ఎక్కించేటప్పుడు తప్పులు దొర్లుతాయి. గంటకి ఎన్ని లీటర్లు పడుతోందో నెలకోసారి చూసుకో. అది ఒక్కసారిగా పెరిగిందంటే ఇంజెక్టర్ అయినా పాడై ఉంటుంది, డీజిల్ అయినా పక్కదారి పట్టి ఉంటుంది. తుపాను రోజుల్ని విడిగా గుర్తు పెట్టించు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పటిలా రోజుల తరబడి కరెంటు పోతే ఆ నెల లెక్క ఎందుకు ఎగిరిందో పై ఏడాది వచ్చినవాడికి తెలియాలి కదా.

ఇక ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఏసీ గ్యాస్. నన్నడిగితే షీటు మొత్తంలో పెద్ద అబద్ధం ఆ ఖాళీ గడే. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 అనే గ్యాస్ ఒక్క కిలో గాలిలో కలిస్తే 1800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే 670 లీటర్ల డీజిల్ తగలబెట్టినట్టు! తర్వాత వచ్చిన గ్యాసుల్లో ఆర్-410ఏ అంతకన్నా ఎక్కువ, ఆర్-32 అయితే 675 కిలోలు. "సార్, గ్యాస్ అయిపోయింది, పట్టించాలి" అని మెకానిక్ ప్రతి వేసవికీ వస్తాడు. గ్యాస్ అయిపోవడమంటూ లేదు బావా, అది పెట్రోలు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ముందు నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టమను. రాగి గొట్టాల బిగింపుల దగ్గర, ముఖ్యంగా బయటి యూనిట్ ఫ్లేర్ నట్టు మీద, సబ్బు నురగ రాయమను. బుడగ లేచిన చోటే లీకు. అది బాగుచేశాక వ్యాక్యూమ్ పంపు పెట్టి, గ్యాస్‌ని కాటా మీద తూచి నింపాలి. బిల్లులో గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు పట్టిందీ లేకపోతే సంతకం పెట్టకు. పాత ఏసీ తీసేసేటప్పుడు కూడా గొట్టం కోసి గాలిలోకి వదలనివ్వకు, సిలిండర్‌లోకి తీయించు.

టెంపరేచరు 24 కంటే కిందికి దించనివ్వకు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 26 పెట్టి ఫ్యాను వేస్తే కౌంటర్లో ఎవరికీ ఉక్కపోయదు. ఏటీఎం గదిలో మాత్రం ఏసీలు రాత్రీపగలూ నడుస్తాయి, తలుపు మూసే స్ప్రింగు పాడైతే వీధినంతా చల్లబరుస్తాం. స్ప్రింగు చూడు, రెండు ఏసీలూ ఒకేసారి తిరగకుండా టైమరు పని చేస్తోందో లేదో చూడు.

యూపీఎస్ బ్యాటరీలు ఏసీ లేని వెనక గదిలో పెడతారు, అదే వాటి ప్రాణం తీస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఉండాల్సినవి 35 దగ్గర ఉంటే ఆయుష్షు సగమవుతుంది. వరసలో ఒకటి పోతే దాన్ని మాత్రం కొత్తది వేసి సరిపెడతారు, అది పాతవాటితో కలిసి త్వరగా చెడుతుంది. పాతవి కిలో లెక్కన సామాన్లవాడికి ఇవ్వొద్దు. వాడు యాసిడ్ కాలవలో పోసి సీసం కరిగిస్తాడు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద రిజిస్టరైన రీసైక్లరుకే చేరాలి, ఆ రసీదు ఫైల్లో ఉండాలి.

సోలార్ గురించి తొందరపడకు. 10 కిలోవాట్లకి నీడపడని 1000 చదరపు అడుగుల డాబా కావాలి. రోజుకి సగటున 40 యూనిట్లు వస్తే ఏడాదికి 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మంచిదే. కాకపోతే మనది అద్దె కొంప. మీటరు యజమాని పేరున ఉంటే నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటు గ్రిడ్‌కిచ్చి బిల్లులో తగ్గించుకోవడం) దరఖాస్తు దగ్గరే చిక్కొస్తుంది. లీజు ఇంకా ఎన్నేళ్లుందో, డాబా హక్కు రాసి ఉందో ముందు చూడు. ఇంకోటి, బ్యాటరీ లేని గ్రిడ్ సోలార్ కరెంటు పోయిన వెంటనే అదీ ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కాపాడటానికే అలా చేస్తారు. ఇది తెలియక "సోలార్ ఉండగా డీజిల్ ఎందుకు" అని మీ స్టాఫే అడుగుతారు.

కాగితం సంగతి క్లుప్తంగా చెప్తాను. మన జేకేపూర్ కాగితం మిల్లు రాయగడ పక్కనే కాబట్టి చవగ్గా చూస్తాం గానీ, 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 75 గ్రాములు) ఏ4 రీము ఒక్కోటి 2.34 కిలోలు. ప్రింటరులో రెండువైపులా అచ్చయ్యే సెట్టింగు పెట్టు, రోజు ముగింపు రిపోర్టులు తెరమీదే చూడండి అని చెప్పు. ఏటీఎం స్లిప్పు థర్మల్ కాగితం, దాన్ని చిత్తుకాగితాల్లో కలపనివ్వకు.

ఇంత చేసినా అప్పుల వైపు చూస్తే ఇది చిన్నదే. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు డబ్బిచ్చిన వ్యాపారాల కాలుష్యం వాటి సొంత కాలుష్యానికి 700 రెట్లు పైనే అని 2021లో, కంపెనీల కాలుష్య లెక్కలు సేకరించే సీడీపీ సంస్థ నివేదిక తేల్చింది. అది నీ చేతిలో లేదు. జనరేటరూ ఏసీలూ నీ చేతిలోనే ఉన్నాయి, వాటిని వదలొద్దు.

ఆదివారంలోగా మూడు పంపు: గత 12 నెలల కరెంటు బిల్లులు, హవర్ మీటర్ ఫొటో, ప్రతి ఏసీ బయటి యూనిట్ మీది నేమ్‌ప్లేట్ ఫొటో. గ్యాస్ పేరు, బరువు దానిమీదే ఉంటాయి. ఎండకి అక్షరాలు చెరిగిపోయుంటే తడిగుడ్డతో తుడిచి పక్కనుంచి టార్చి వేసి తియ్యి, కనబడతాయి. అవి అందగానే బేస్ ఇయర్ లెక్క (ఎంత తగ్గిందో పోల్చుకోవడానికి మొదటి ఏడాది లెక్క) నేను కట్టి పంపుతాను.

నీ
బావ