శేషాచలం అంచు పల్లెల సర్వే గురించి అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

శేషాచలంలో ఎర్రచందనం మాను చుట్టుకొలతను టేపుతో కొలిచి రాసుకునే మీ శాఖ, ఆ కొండల అంచున బతికే యానాది, ఎరుకల కుటుంబాల జీవనాన్ని కూడా అంతే ఓపికతో నమోదు చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇది కొత్త కోరికేమీ కాదు. అడవుల నిర్వహణకు ప్రాతిపదికైన జాతీయ వర్కింగ్ ప్లాన్ కోడ్ 2014లోనే సామాజిక, ఆర్థిక ప్రయోజనాలను లెక్కలోకి తీసుకోమంది.

అయితే లెక్క ఎలా తీస్తున్నామన్నదే ప్రశ్న. సర్వే ఫారంలో వృత్తికి ఒకే గడి ఉంటే అందులో ‘వ్యవసాయ కూలి’ అని రాసి, వచ్చిన మనిషి పక్కింటికి వెళ్ళిపోతాడు. అదే ఇంటి ఇల్లాలు కార్తీకంలో సీతాఫలాలు బుట్టకెత్తుతుంది, చలికాలంలో ఉసిరికాయలు, కుంకుడుకాయలు ఏరుతుంది, శివరాత్రి దాటాక చింతపండు గింజ తీసి తూకానికి వేస్తుంది, ఎండల్లో భర్త దించుకొచ్చిన తేనె వడకడుతుంది, నడుమ నాట్లు పడితే నాట్లకూ పోతుంది. ఏ నెలలో ఆ ఇంటిని అడవి ఆదుకుంటుందో, అడ్వాన్సు ఇచ్చిన దళారి ఏ ధరకు సరుకు కట్టించుకుంటాడో ఒక పూట సర్వేలో తేలదు. ఏడాది పొడవునా ఆ పల్లెకు వెళ్ళి వచ్చేవారికే తెలుస్తుంది. అడవిని కాపాడేందుకు పల్లెవాళ్ళతో ఏర్పాటైన వన సంరక్షణ సమితుల రిజిస్టర్లూ అంతే. వాటిలో సంతకాలు కనిపిస్తాయి గాని, సమావేశంలో ఎవరు నోరు విప్పారో కనిపించదు. 1954లో ఈ కొండల పాదాల చెంతనే వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగం ఉంది. ఈ పనిని అక్కడి విద్యార్థులకు, ముఖ్యంగా విద్యార్థినులకు, అప్పగించవచ్చు.

అసలు చిక్కు భయం. 2015 ఏప్రిల్ 7న ఈ అడవుల్లో తమిళనాడు నుంచి వచ్చిన ఇరవై మంది కూలీలు, ఎర్రచందనం దొంగతనంగా నరుకుతున్నారన్న ఆరోపణ మీద జరిగిన పోలీసు కాల్పుల్లో చనిపోయారు. గొడ్డలి పట్టినవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు, పెట్టుబడి పెట్టినవాడెవరో చాలామందికి తెలియనే తెలియదు. అలాంటి చోట కాగితం పట్టుకొచ్చి “ఏ దారిన అడవిలోకి వెళ్తారు?” అని అడిగితే నిజం చెప్పేదెవరు? అందువల్ల పరిశోధకులకు చెప్పిన సంగతుల ఆధారంగా ఎవరి మీదా కేసు పెట్టరాదని, పేర్లు శాఖకు అందజేయనక్కరలేదని మొదట లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. ఆ ఉత్తర్వు లేకుండా ఎంత డబ్బు పోసినా వచ్చేవి తప్పుడు జవాబులే.

అటవీ హక్కుల చట్టం, 2006 చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై గిరిజనులకు హక్కు ఇచ్చింది, ఆ హక్కుల నిర్ధారణను గ్రామసభతో మొదలుపెట్టమంది. కాబట్టి సర్వేలో తేలిన విషయాలను ఫైలుకెక్కించే ముందే గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి, అక్కడ వచ్చిన అభ్యంతరాలను నివేదికలోనే చేర్చాలి. ఆ నివేదిక ప్రతి ఒకటి పంచాయతీ కార్యాలయంలో ఉంటే, రేపు హక్కు పత్రం కోసం దరఖాస్తు పెట్టుకునే కుటుంబానికి అదీ ఒక ఆధారమవుతుంది.

భవదీయుడు,
తిరుపతి వాసి, విశ్రాంత అధ్యాపకుడు