హైతీ వార్త వేసినప్పుడు హైతీ చరిత్రకూ చోటివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

హైతీ గురించి మన తెలుగు పత్రికల్లో ఎప్పుడు వార్త వచ్చినా దాదాపు ఒకే తీరుగా ఉంటోంది. ముఠాల కాల్పులు, ఆకలి, ఇళ్లు వదిలి పారిపోతున్న జనం, చివర్లో ‘అమెరికా ఖండాల్లోకెల్లా పేద దేశం’ అని ఒక ముక్క. 2010 జనవరిలో భూకంపం వచ్చినప్పుడూ అంతే, 2021 జులైలో అధ్యక్షుడు జొవెనెల్ మొయిజ్‌ను ఇంట్లోనే కాల్చి చంపినప్పుడూ అంతే. ఆ వార్తలు తప్పని నేననడం లేదు. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో చాలా భాగం ముఠాల చేతుల్లోకి పోయిన మాట నిజమే. కానీ ఆ దేశం అంత పేదది ఎలా అయిందో ఒక్క వాక్యమైనా రాయకపోతే, చదివేవాళ్లు అదంతా అక్కడి జనం చేతగానితనమే అనుకుంటారు. హైస్కూల్లో ఏళ్ల తరబడి సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఇది నాకు మరీ బాధగా ఉంటుంది.

ఒకప్పుడు అది శాన్ డొమింగో అనే ఫ్రెంచి వలస. 1780ల్లో ఐరోపా వాడే చక్కెరలో సుమారు 40 శాతం, కాఫీలో సగానికి పైగా అక్కణ్ణుంచే వెళ్లేవి. ఆ తోటల్లో దాదాపు 5 లక్షల మంది ఆఫ్రికన్లు బానిసలుగా చాకిరీ చేశారు. ఆ పనికి మనుషులు ఎంత తొందరగా చనిపోయేవారంటే, ఏటా ఓడల్లో కొత్తవాళ్లను తెచ్చి దించితేనే తోటలు నడిచేవి. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు. నాయకుడు టూసాన్ లూవెర్చూర్‌ను ఫ్రెంచివాళ్లు చర్చలకని పిలిచి పట్టుకుని, తమ దేశంలోని ఒక కొండకోటలో ఖైదు చేశారు. 1803 ఏప్రిల్‌లో ఆయన అక్కడే చనిపోయాడు. అయినా పోరాటం ఆగలేదు. అదే ఏడు నవంబర్‌లో నెపోలియన్ పంపిన సైన్యం వెర్టియేర్ దగ్గర ఓడిపోయింది. 1804 జనవరి 1న, టూసాన్ తర్వాత నాయకత్వం చేపట్టిన సేనాని డెస్సలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. బానిసలు తమంతట తాము పోరాడి గెలిచి ఒక దేశాన్ని నిలబెట్టుకున్న ఘట్టం ప్రపంచ చరిత్రలో ఇదొక్కటే.

మన పిల్లలు చాలా ఏళ్లుగా చదివిన తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని ఫ్రెంచి విప్లవం పాఠంలో శాన్ డొమింగో పేరు ఉంది. 1794లో ఫ్రాన్స్ కన్వెన్షన్, అంటే విప్లవకాలపు చట్టసభ, బానిసత్వాన్ని రద్దు చేసిందనీ, నెపోలియన్ మళ్లీ తెచ్చాడనీ ఉంది. 1794కు మూడేళ్ల ముందే బానిసలు తిరగబడ్డారని లేదు. ఆ పాఠం చదివిన పిల్లలకు విముక్తి అంటే పారిస్ దయతలచి ఇచ్చిందనే అనిపిస్తుంది. తోటలు తగలబడి, వలస చేజారిపోయే పరిస్థితి వస్తేగానీ ఆ చట్టం రాలేదన్న సంగతి వాళ్లకు ఎవరు చెప్తారు?

ఇక హైతీని పేదరికంలోకి నెట్టిన అప్పు సంగతి. 1825 ఏప్రిల్ 17న ఫ్రాన్స్ రాజు పదో ఛార్లెస్ ఒక ఆజ్ఞ మీద సంతకం చేశాడు. హైతీని గుర్తించాలంటే, ఆస్తులు పోగొట్టుకున్న పాత తోటల యజమానులకు పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు ఐదు వాయిదాల్లో కట్టాలి, ఫ్రెంచి ఓడలకు సుంకం సగానికి తగ్గించాలి. ఆ తోటల విలువలో బానిసలుగా ఉన్న మనుషుల ఖరీదు కూడా కలిసే ఉంది. అంటే తమను కొన్నవాళ్లకు తామే ఎదురు డబ్బు కట్టాలన్నమాట! ఆజ్ఞ పట్టుకొచ్చిన దూత వెనక యుద్ధనౌకలు వచ్చి నిలబడ్డాయి. హైతీ అధ్యక్షుడు బోయే ఒప్పుకున్నాడు. 1803లో విశాలమైన లూసియానా ప్రాంతాన్ని మొత్తంగా ఇదే ఫ్రాన్స్ అమెరికాకు 8 కోట్ల ఫ్రాంకులకు అమ్మింది. దాని పక్కన పిసరంత కూడా లేని హైతీ మీద అందుకు దాదాపు రెట్టింపు వేసింది.

మొదటి వాయిదా 3 కోట్లు కట్టడానికే హైతీ పారిస్ బ్యాంకర్ల దగ్గర అప్పు చేయాల్సి వచ్చింది. పత్రం మీద 3 కోట్లు, చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలు. మిగతాది బ్యాంకర్లు ముందే కోసుకున్నారు. 1838లో మిగిలిన బాకీని 6 కోట్లకు తగ్గించారు గానీ, ఆ అప్పుల తాలూకు చెల్లింపులు 1947 దాకా సాగాయి. ఇంతలో 1914 డిసెంబర్‌లో అమెరికా నావికాదళ సైనికులు పోర్ట్-ఓ-ప్రిన్స్ బ్యాంకులోంచి 5 లక్షల డాలర్ల బంగారం తీసుకుపోయారు. మరుసటేడు వచ్చి దేశాన్నే ఆక్రమించి 1934 దాకా ఉన్నారు.

ఇవన్నీ ఈమధ్య బయటపడ్డ రహస్యాలేమీ కావు. హైతీ చరిత్రకారులు మొదట్నుంచీ రాస్తూనే ఉన్నారు. 1814లోనే వాస్తే అనే ఆయన, ఏ తోట యజమాని ఏ బానిసను ఎలా హింసించాడో పేర్లతో సహా అచ్చు వేశాడు. తోమా మాదియూకి కాగితాలు చాలక విప్లవంలో పోరాడిన ముసలి సైనికులను అడిగి తెలుసుకుని, 1847 నుంచి దేశ చరిత్రను సంపుటాలుగా వెలువరించాడు. ఆ ముసలివాళ్లు పోతే వాళ్లకు తెలిసిందంతా వాళ్లతోనే పోయేది. బోబ్రాన్ ఆర్దువాన్ 11 సంపుటాలు రాశాడు. మన కాలంలో మిషెల్-రోల్ఫ్ త్రూయో ఉన్నాడు. 1977లో ఆయన తన మొదటి చరిత్ర పుస్తకాన్ని చదువుల భాష ఫ్రెంచిలో కాకుండా జనం మాట్లాడే క్రెయోల్‌లో రాశాడు. తర్వాత 1995లో ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకంలో, ఈ విప్లవాన్ని ప్రపంచం ఎలా మరుగున పడేసిందో చూపించాడు. సంగతి నమోదయ్యేటప్పుడు, కాగితాలు భద్రపరిచేటప్పుడు, వాటిని వెలికి తీసేటప్పుడు, ఏది ముఖ్యమో తేల్చేటప్పుడు, ఇలా ప్రతి దశలోనూ కొన్ని గొంతులు రాలిపోతాయన్నాడు. మన దళిత, ఆదివాసీ చరిత్రల మీద పనిచేసేవాళ్లకు ఆయన తప్పక పనికొస్తాడు. 2012లో చనిపోయాడు.

2003లో అధ్యక్షుడు అరిస్టీడ్ వడ్డీతో సహా 2,168 కోట్ల డాలర్ల పైచిలుకు తిరిగివ్వమని ఫ్రాన్స్‌ను అడిగితే సాగలేదు. 2022లో న్యూయార్క్ టైమ్స్ ఈ అప్పు మీద పెద్ద కథనాలు వేసి, క్రెయోల్‌లోనూ ప్రచురించింది. మేం ఎప్పట్నుంచో చెప్తున్నదే కదా అని కొందరు చరిత్రకారులు నొచ్చుకున్నారు. అది న్యాయమైన కోపమే. అయినా, పత్రిక పూనుకుంటేనే ఆ సంగతి అంతమందికి చేరిందని కూడా ఒప్పుకోవాలి. 2025 ఏప్రిల్ 17న, సరిగ్గా 200 ఏళ్లకు, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఈ చరిత్రను పరిశీలించడానికి రెండు దేశాల చరిత్రకారులతో కమిషన్ వేస్తున్నట్టు ప్రకటించాడు. డబ్బు తిరిగిస్తామని మాత్రం అనలేదు. మరోపక్క 2024 ఏప్రిల్‌లో పోర్ట్-ఓ-ప్రిన్స్ జాతీయ గ్రంథాలయం మీద దుండగులు పడి ఫర్నిచర్ మోసుకుపోయారు. అందులో 200 ఏళ్ల నాటి పత్రాలున్నాయి. పారిస్ నుంచి వచ్చే ప్రకటనలకంటే ఆ పత్రాల గురించే నాకు ఎక్కువ టెన్షన్.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఏజెన్సీ నుంచి హైతీ వార్త వస్తే 1804, 1825ల గురించి రెండు వాక్యాలు మీ డెస్క్‌లోనే జోడించండి. ఆ కమిషన్ ఏం తేల్చినా, దాని వార్తను ఎక్కడో లోపలి పేజీలో ముక్కలా వేసి సరిపెట్టకండి. త్రూయో, మాదియూ రాసినవాటి గురించి తెలిసినవాళ్ల చేత ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసం రాయించండి. పాఠ్యపుస్తకాలు రాసే కమిటీల్లో మీ పాఠకులు ఎవరైనా ఉంటే, ఫ్రెంచి విప్లవం పాఠంలో 1791 ఆగస్టు గురించి కనీసం ఒక పేరా చేర్పించమని వాళ్లకు నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
తెనాలి