ఆదా చేయమనే ముందు మా వంతు నీరు కొలిచి చూపండి

సంపాదకులకు నమస్కారం.

కృష్ణా నీటి కొరతపై పది రోజుల క్రితం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నాట్ల పనుల్లో ఉండి వెంటనే రాయలేకపోయాను. నీటిని పొదుపుగా వాడుకోవాలన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే డెల్టా రైతు మడి నిండా నీరు నిలబెట్టి వృథా చేస్తున్నాడనీ, కాలువలన్నిటికీ సిమెంటు లైనింగ్ వేస్తే సమస్య తీరిపోతుందనీ అందులో తేల్చేసిన తీరు కాలువ చివరనున్న మాలాంటి శివారు రైతులను బాధపెట్టింది.

మడిలో నీరు ఎందుకు నిలబెడతామో చెప్పనివ్వండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు కేఈబీ (కృష్ణా తూర్పు గట్టు) కాలువలో వచ్చి, పులిగడ్డ అక్విడక్టు (కాలువను నది మీదుగా దాటించే వంతెన) మీదుగా నది పాయను దాటి, దివిసీమలోని పంట కాలువలు, బోదెలు (పిల్ల కాలువలు) పట్టుకుని మా చేలకు చేరాలి. ఎగువన అందరి మళ్ళూ తడిశాక మా వంతు. అది ఏ రోజు వస్తుందో, వస్తే ఎన్ని గంటలు ఉంటుందో చెప్పేవారు లేరు. మడిలో చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం నేలలో 15 సెంటీమీటర్ల లోతుకు దిగాకే మళ్ళీ తడి పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మంచి పద్ధతే. కానీ తర్వాతి తడి ఖాయమని తెలిస్తేనే ఎవరైనా మడిని ఆరనిస్తారు. వంతు తెలియని రైతు నీరు వచ్చిన రోజునే గట్టు దాకా పట్టుకుంటాడు. నారు పోయకుండా విత్తనం వెదజల్లి నీటినీ కూలినీ తగ్గించుకుంటున్నవారు, కాలువ నీరు అందక మురుగు కాలువల నుంచి ఆయిలు ఇంజన్లతో తోడుకుని పైరు నిలబెట్టుకుంటున్నవారు మా ప్రాంతంలో ఎందరో ఉన్నారు. మీ వ్యాసంలో వారి ప్రస్తావనే లేదు.

ఆధునికీకరణ అనే మాట మేము దశాబ్దాలుగా వింటున్నాము. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.20 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కేటాయించింది. కాలువలను ఆధునికీకరిస్తే అందులో 29 టీఎంసీలు మిగులుతాయని లెక్కవేసి, ఆ మిగులులోంచి 20 టీఎంసీలను అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని భీమా ఎత్తిపోతలకు చూపించారు. పాలమూరు రైతుకు నీరు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. వారి కరవు మాకంటే పాతది. నా అభ్యంతరమల్లా పని పూర్తికాకముందే ఆదాను పంచివేయడం మీదే. కాగితం మీద మిగిలిన నీరు కాలువలో మిగలలేదు. ఆ లోటు భరించేది శివారు భూములే.

జరిగిన పనుల్లోనూ డబ్బు ఎక్కువగా లైనింగ్‌కే పోయింది. ఉప్పునీరు పైకి రాని ఎగువ ప్రాంతంలో లైనింగ్ వేస్తే వేయండి. మా దగ్గర భూగర్భం ఉప్పు. కాలువల నుంచి ఇంకే మంచినీరే పైపొరగా నిలిచి ఉప్పును కిందికి నొక్కి ఉంచుతుంది, మా చేతిపంపులూ దాని మీదే బతుకుతున్నాయి. మాకు ముందుగా కావలసింది తూములకు పనిచేసే షట్టర్లు, గుర్రపుడెక్క, తూటికాడ తీసిన కాలువలు, మురుగు కాలువలు సముద్రంలో కలిసేచోట పోటును ఆపే అవుట్‌ఫాల్ స్లూయిసులు. ఆ స్లూయిసుల తలుపులు తుప్పుపట్టిన చోట పోటు నీరు మురుగు కాలువల్లో ఎగదన్ని చేలను చవుడు చేస్తోంది. మా ఊరి తూము షట్టరు విరిగిందని నేను రెండేళ్ళలో నాలుగు అర్జీలు ఇచ్చాను. ఇప్పటికీ దానికి ఇసుక బస్తాలే అడ్డం.

చిన్న షట్టరే కదా అని అధికారులు అనుకోవచ్చు. 2021 ఆగస్టు 5న మా ఎగువనున్న పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోతే, స్టాప్‌లాగ్ (గేటు బదులు అడ్డంగా దించే తాత్కాలిక తలుపు) దించడానికి జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేయవలసి వచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి గేటే పోయింది. పులిచింతల నుంచి ఇలా పోయే నీటిని ఆపడం ప్రకాశం బ్యారేజీ వల్ల కాదు. అందులో పట్టేది మూడు టీఎంసీలే. నిర్వహణ నిధులకు కోత పెట్టి కొత్త పథకాలకు శంకుస్థాపనలు చేసే అలవాటు ఏ ఒక్క ప్రభుత్వానిదీ కాదు. కాలువలను, తూములను చూసుకునే లస్కర్ల ఖాళీలు నింపరు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చేయవలసిన పూడికతీతకు టెండర్లు మే నెలాఖరుకు తేలుతాయి, జూన్‌లో నీరు వదలగానే ఆ పని సగంలో ఆగుతుంది. నీరు రైతుల చేతిలోనే ఉండాలని 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం తెచ్చారు. ఏళ్ళ తరబడి ఆ సంఘాలకు ఎన్నికలు లేవు. 2024 డిసెంబరులో జరిపారు, సంతోషమే. కానీ కొలతలు లేని నీటిని ఆ సంఘాలు మాత్రం ఎలా పంచగలవు?

అందుకే నా విన్నపం ఒక్కటే. ప్రతి పంట కాలువ మొదట, చివర నీటిమట్టం చూపే స్కేలు పెట్టించండి. ఎన్ని క్యూసెక్కులు వదిలారో, చివరి తూముకు ఎన్ని చేరాయో ప్రతి ఉదయం ఊరి సచివాలయం గోడ మీద రాయించండి. వంతుల తేదీలు నాట్లకు ముందే ప్రకటించి, వాటికి కట్టుబడండి. ఆ అంకెలను మీ పత్రిక జిల్లా పేజీలో వారానికి ఒకసారి ప్రచురిస్తే, నీరు ఎక్కడ పోతోందో పాఠకులే చూస్తారు. వచ్చే ఏడాది తేదీ ప్రకారం నీరిస్తే, నా రెండెకరాల్లో ఆ చిల్లుల గొట్టం పాతడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక శివారు ఆయకట్టు రైతు,
కోడూరు మండలం, కృష్ణా జిల్లా.