కుడితి గోలెం గుర్తుందా?

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా?

మొన్న ఫోన్‌లో "దమ్మాయిగూడలో సొంతిల్లు, ఇంకేం కావాలి" అన్నావు. ఇల్లు బాగానే ఉందిరా. కానీ రాత్రిపూట గాలి మళ్లిందంటే కిటికీలన్నీ మూసుకోవాల్సిందే. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు మాకు దగ్గరే. హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి అక్కడికే చేరుతోంది. దాదాపు 120 లక్షల టన్నుల పాత చెత్తను గుట్టగా పోసి పైన కప్పేశారు. దాని ఊట దిగి పక్కనున్న మల్కారం చెరువు నీళ్లు నల్లబడిపోయాయి. కొత్త చెత్త మాత్రం రోజూ వస్తూనే ఉంది.

మొదట్లో నేనూ అందరిలాగే ఎవరెవరినో తిట్టుకున్నాను. పోయిన నెల ఒకరోజు చెత్త ఆటో ఆమె మా కవరు అందుకుని, తడీ పొడీ విడదీద్దామని లోపల చెయ్యి పెట్టింది. ముందురోజు పగిలిన గాజు గ్లాసు నేనే అందులో పడేశాను. బొటనవేలు తెగింది. ఆమె ఏమీ అనలేదురా, చీర చెంగు చుట్టుకుని పక్కింటికి వెళ్లిపోయింది. ఇంట్లోనే వేరు చేసి ఇవ్వాలని 2016 నుంచీ రూల్ ఉంది. నాకు తెలిసీ చెయ్యలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మర్నాడు మా చెత్తంతా పాత పేపరు మీద పోసి చూశాను. పాప టూత్‌బ్రష్ ఒక్కటి ఆర్డర్ పెడితే అట్టపెట్టె, అందులో గాలిబుడగల కవరు, మళ్లీ బ్రష్ చుట్టూ గట్టి ప్లాస్టిక్. చిప్స్ ప్యాకెట్లు పదకొండు. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, విడదీయడం కష్టం కాబట్టి పాత సామాన్లవాళ్లు కూడా ముట్టుకోరు. కొత్తిమీర కట్ట కూడా ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకొస్తోంది, కవరుతో సహా. అంత తేలిగ్గా వస్తుంటే అవసరమా అని ఆగి ఆలోచించేది ఎప్పుడు?

సగానికి పైగా తడి చెత్తే. అన్నం, తొక్కలు, టీపొడి. అది కవర్లో మూటకట్టి గుట్ట కింద గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకు పైగా వేడి పెంచే వాయువది.

మీ ఇంట్లో కుడితి గోలెం గుర్తుందా? బియ్యం కడిగిన నీళ్లు, తొక్కలు, గంజి అన్నీ అందులోకే, అక్కణ్నుంచి గేదెకి. మిగిలింది పెంటకుప్పకి, ఎండాకాలం బండ్లకెత్తి పొలానికి. కిరాణా కొట్లో పప్పు కాగితం పొట్లంలో కట్టి దారం చుట్టి ఇస్తే, ఆ దారం కూడా పెద్దమ్మ ఉండగా చుట్టి దాచేది. పేదరికం వల్లే అని అప్పట్లో అనుకునేవాణ్ని. ఇప్పుడు అలా అనిపించట్లేదు.

నెల నుంచి బాల్కనీలో మూతకు చిల్లులు పెట్టిన డ్రమ్ములో తడి చెత్త వేస్తున్నాను. ఆటోకి పొడి చెత్త విడిగా ఇస్తున్నాను, గాజు ముక్కలుంటే పేపర్లో చుట్టి, పైన రాసి మరీ. కానీ డ్రమ్ములో నీరు చేరి పురుగులు పట్టాయి, ఈవిడ కోప్పడుతోంది. పెంటకుప్పలో తడి ఎక్కువైతే ఏం వేసేవాళ్లో పెద్దమ్మని అడిగి చెప్పరా. బూడిదా, ఎండుటాకులా? ఆదివారంలోగా ఫోన్ చెయ్యి.

నీ
రాము